చక్రం కింద దారి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా. అందుకని పోయిన సంక్రాంతికి ఆ రోజంతా ఇంట్లోనే కూచుని, ముక్కనుమ నాడు తెల్లారకముందే సైకిలు బయటికి తీశాను. హైదరాబాదులో ఏడాది పొడుగునా బాల్కనీలో దుమ్ము తినే సైకిలు అది. ఈసారి పట్టుబట్టి కారు వెనక కట్టుకుని తెనాలి తెచ్చాను. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్ళి, అక్కణ్ణించి చెరుకుపల్లి మీదుగా బాపట్ల చేరి, సముద్రం చూసి రైల్లో వెనక్కి రావాలని ప్లాను.

తెనాలి నుంచి రేపల్లె ఓ 35 కిలోమీటర్లు. దారి పొడుగునా పక్కన కాలవో, పంట బోదో, మినుము చేనో కనబడుతూనే ఉంటుంది. రెండు లీటర్ల నీళ్ళు కట్టుకెళ్ళాను. రెండు గంటల తర్వాత రేపల్లెలో దిగి చూసుకుంటే లీటరున్నర అలాగే ఉంది. మధ్యలో నాలుగు టీ కొట్లు, రెండు కొబ్బరిబోండాల బళ్ళు, ఒక గుడి దగ్గర చలివేంద్రం కుండలు (ఎండాకాలం కాదు గనక బోర్లించి ఉన్నాయి). కృష్ణా పశ్చిమ డెల్టాలో మనిషి దాహంతో ఇబ్బంది పడాలంటే చాలా ప్రయత్నం చెయ్యాలి.

అసలు ఇబ్బంది సూర్యలంకలో ఎదురైంది. బాపట్ల దాటి, సరుగుడు తోటలు దాటి, తారు రోడ్డు అయిపోయాక ఇసకలోకి దింపానో లేదో ముందు చక్రం కూరుకుపోయింది. తొక్కితే వెనక చక్రం గొయ్యి తవ్వుకుంటోంది తప్ప బండి కదలదు. సరే తోసుకుపోదామని రెండొందల మీటర్లు తోసేసరికి, అంతకుముందు ఎనభై కిలోమీటర్లు తొక్కినప్పుడు పట్టని చెమట పట్టింది. చుట్టూ జనం నవ్వుకుంటున్నారు. వాళ్ళకేం తెలుసు, నేనక్కడ ఒక చారిత్రక ప్రయోగం చేస్తున్నానని!

విషయమేమిటంటే, ఆ నెలంతా నేను చదువుతున్నది ఎడారుల్లో సైకిలు తొక్కినవాళ్ళ గురించి.

1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరారు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళు, ఒక వెయిట్ లిఫ్టింగ్ క్లబ్బు సభ్యులు. పంజాబు, బలూచిస్తాన్, పర్షియా, ఇరాక్, సిరియా, అక్కణ్ణించి ఐరోపా, అమెరికా, జపాన్, చైనా, బర్మా. 1928 మార్చి 18న తిరిగి బొంబాయి చేరేసరికి మిగిలింది ముగ్గురు: ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా. ఒకాయన టెహరాన్ నుంచే వెనక్కి వచ్చేశాడు, ఇంకొకాయనకి అమెరికా నచ్చి అక్కడే ఉండిపోయాడు. మొత్తం 71,000 కిలోమీటర్లు. 1931లో ఆ ముగ్గురూ కలిసి 'విత్ సైక్లిస్ట్స్ అరౌండ్ ద వరల్డ్' అనే పుస్తకం వేశారు. దానికి జవహర్‌లాల్ నెహ్రూ ముందుమాట రాశాడు. వీళ్ళు వెళ్ళిన మూడు నెలలకే, 1924 జనవరిలో ఫ్రామ్‌రోజ్ దావర్ అనే క్రీడా విలేఖరి ఒక్కడే బయల్దేరి, వియన్నాలో గుస్తావ్ స్తావ్యానిక్ అనే తోడు దొరికాక, అతనితో కలిసి సహారా దాటాడు. 1926 డిసెంబరులో కలకత్తా నుంచి బిమల్ ముఖర్జీ, ముగ్గురు స్నేహితులతో. ఆ దశకంలో ఇదొక జ్వరంలా పట్టుకున్నట్టుంది.

వీళ్ళ ప్రయాణాల్లో నన్ను పట్టేసింది ఒక చిన్న లెక్క. పార్సీ బృందం బాగ్దాద్ నుంచి అలెప్పో దాకా ఉన్న ఎడారి దారి, 956 కిలోమీటర్లు, 23 రోజుల్లో దాటింది. ఇది పెద్ద ఘనకార్యంగా చెప్తారు, ఘనకార్యమే. కానీ భాగించి చూడండి. రోజుకి 41 కిలోమీటర్లు చిల్లర. అంటే తెనాలి నుంచి రేపల్లె వెళ్ళి ఇంకో ఊరు దాటినంత. మా వైపు పాలక్యానులు కట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు మధ్యాన్నం భోజనం లోపల తొక్కేసే దూరం. కండలు తిరిగిన కుర్రాళ్ళు, అప్పటికే బొంబాయి నుంచి బాగ్దాద్ దాకా తొక్కి రాటుదేలినవాళ్ళు, రోజంతా కష్టపడి వెళ్ళగలిగింది అంతే. ఎందుకు?

వేడి అంటారు వెంటనే. వీళ్ళ గురించి రాసేవాళ్ళు అరవై డిగ్రీలని తేలిగ్గా రాసేస్తుంటారు. నీడలో కొలిచిన ప్రపంచ రికార్డే 56.7, అది 1913లో అమెరికాలోని డెత్ వ్యాలీలో. ఎండలో పెట్టిన థర్మామీటరు ఎంతైనా చూపిస్తుంది. అయినా ఎడారి సైకిలిస్టుల డిగ్రీలని పట్టించుకోకూడదు. 1896లో ఆస్ట్రేలియాలో నల్లార్బార్ మైదానం దాటిన ఆర్థర్ రిచర్డ్‌సన్, నీడలో వెయ్యి డిగ్రీలుంది అన్నాడట! నా ఉద్దేశంలో వాళ్ళని ఆపింది వేడి కంటే ముందు నేల. సూర్యలంకలో నన్ను ఆపినట్టే.

సైకిలు టైరు నేల మీద వేసే ఒత్తిడి, దాంట్లో కొట్టిన గాలి ఒత్తిడితో సుమారు సమానం. మామూలుగా చదరపు సెంటీమీటరుకి నాలుగు కిలోల దాకా ఉంటుంది. పొడి ఇసక అంత మోయలేదు, పక్కకి తప్పుకుంటుంది. గాలి తీసేస్తే కొంచెం నయం, కానీ అప్పుడు గట్టినేల మీద ట్యూబు నలిగి పంచరవుతుంది. కాబట్టి సైకిలు నిజానికి ఎడారి వాహనం కాదు. ఎవరో ముందే గట్టిపరిచి పెట్టిన సన్నటి గీత మీద మాత్రమే నడిచే వాహనం. ఎంత సన్నటి గీతయినా చాలు, జానెడు వెడల్పున్నా చాలు, కానీ అది ఉండాలి. అందుకే ఈ యాత్రల గురించి చదివేటప్పుడు, తొక్కినవాడెవడు అని కాక, చక్రం కింద ఉన్నదేమిటి, దాన్ని అక్కడ వేసిందెవరు అని చూడటం మొదలుపెట్టాను. అలా చూస్తే కథ చాలా మారిపోతుంది.

రిచర్డ్‌సన్ సంగతే తీసుకోండి. 1896 నవంబరులో కూల్గార్డీ అనే బంగారు గనుల ఊరి నుంచి బయల్దేరి 31 రోజుల్లో అడిలైడ్ చేరాడు. చిన్న మూట, ఒక నీళ్ళసంచి, అంతే. ఒంటరి వీరుడి బొమ్మ మన కళ్ళముందు కనబడుతుంది. కానీ అతను వెళ్ళింది టెలిగ్రాఫ్ లైను పక్కన. 1877లో పూర్తయిన లైను అది. స్తంభాలు దారి చూపించేవి, మధ్యమధ్యలో టెలిగ్రాఫ్ స్టేషన్లలో మనుషులూ నీళ్ళూ ఉండేవి. ఇక ఆ గనుల ప్రాంతంలో ఉత్తరాలూ కబుర్లూ మోసే సైకిలు కొరియర్లు చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళు ఎంచుకునే దారులకి ఇంగ్లీషులో 'క్యామెల్ ప్యాడ్' అని పేరు. ఒంటె పాదం వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. వందలసార్లు ఒంటెల బిడారు ఒకే గీత మీద నడిస్తే ఇసక అణిగి, రాళ్ళు పక్కకి పోయి, సైకిలు టైరుకి సరిపడేంత నున్నటి బాట తయారవుతుంది.

ఆ ఒంటెలు ఎక్కడివి? 1860లో బర్క్, విల్స్ అన్వేషణ యాత్ర కోసం కరాచీ నుంచి ఓడలో వెళ్ళిన ఒంటెలతో, వాటిని తోలేవాళ్ళతో మొదలైంది ఆ వలస. తర్వాత వేలమంది వెళ్ళారు. ఆస్ట్రేలియన్లు వాళ్ళందర్నీ 'అఫ్ఘాన్లు' అని ఒక్క ముద్ర వేసి పిలిచారుగానీ, అందులో బలూచీలు, సింధీలు, పంజాబీలు, పెషావరు వైపు పఠాన్లు, అందరూ ఉన్నారు. చాలామంది బ్రిటిష్ ఇండియా వాళ్ళే. గనులకి తిండీ నీళ్ళూ ఒంటెల మీద మోసింది వీళ్ళు. వాళ్ళు తొక్కి తొక్కి అణిచిన నేల మీద తెల్లవాళ్ళు సైకిలు రికార్డులు పెట్టారు. రిచర్డ్‌సన్ పేరు చరిత్రలో ఉంది, ఉండాల్సిందే. ఆ బాట వేసినవాళ్ళ గుర్తుగా ఒక రైలు పేరు మిగిలింది, 'ద ఘాన్' అని.

మళ్ళీ మన పార్సీ కుర్రాళ్ళ దగ్గరికి వద్దాం. వాళ్ళు ఇండియా దాటిన వైపు చూస్తే, క్వెట్టా నుంచి పర్షియా సరిహద్దు దాకా ఉన్న బలూచీ ఎడారిలో అప్పటికి సరిగ్గా ఏడాది కిందటే రైలు వచ్చింది. నుష్కి దాకా ఉన్న లైనుని ప్రపంచ యుద్ధంలో సైనికావసరాల కోసం పొడిగించుకుంటూ పోయి, 1922లో దుజ్దాప్ చేర్చారు. ఇప్పుడు ఆ ఊరిని జాహెదాన్ అంటున్నారు. దుజ్దాప్ అంటే నీటిదొంగ అని అర్థం, పడ్డ నీళ్ళు పడ్డట్టే ఇంకిపోతాయి గనక. ఆ లైను మీద కొన్ని స్టేషన్లకి తాగేనీళ్ళు కూడా రైలే తెచ్చిపెట్టేది. సైకిలు మీద పోయేవాడికి పట్టాలంటే దిక్సూచి, స్టేషనంటే చలివేంద్రం.

బాగ్దాద్ సంగతి ఇంకా దగ్గరిది. 1917 మార్చిలో ఆ నగరాన్ని పట్టుకున్న సైన్యంలో అధికభాగం ఇండియన్లు. మెసపొటేమియా యుద్ధానికి మన దేశం నుంచి సైనికులూ కూలీలూ కలిపి ఐదు లక్షలకి పైగా వెళ్ళారు. తుపాకులు పట్టినవాళ్ళతో పాటు, గడ్డపారలు పట్టినవాళ్ళూ మూటలు మోసినవాళ్ళూ లక్షల్లో ఉన్నారు. గట్లు కట్టారు, రోడ్లు వేశారు, రైలు పట్టాలు పరిచారు. బస్రా నుంచి బాగ్దాద్‌కి 1920లో రైలు కలిసింది. టైగ్రిస్ మీద వంతెనలు కట్టినవాళ్ళలో మద్రాస్ శాపర్స్ ఉన్నారు. ఆ పటాలంలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ చేరేవాళ్ళు. అంటే 1924లో ఆ ఎడారిలో సైకిలు చక్రం తిరిగినప్పుడు, దాని కింద ఉన్న దారిలో, ఏడేళ్ళ కిందట మన కృష్ణా గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాడెవడో వేసిన తట్టెడు మట్టి ఉండే అవకాశం బాగానే ఉంది. ఇది చదివాక నాకు ఆ 956 కిలోమీటర్లు వేరేగా కనబడ్డాయి. పైగా ఆ రెండు ఊళ్ళ మధ్య పాత బిడారు దారుల్లో ఒకటి యూఫ్రటీస్ ఒడ్డు వెంబడే పోతుంది. ఎడారి అన్నమాటేగానీ, వేల ఏళ్ళుగా జనం నీళ్ళ పక్కన వేసుకున్న దారి.

నీళ్ళ లెక్క కూడా చూడాలి. ఆ ఎండలో తోస్తూ తొక్కుతూ పోయే మనిషికి గంటకి లీటరు దాకా చెమట పోతుంది. ఎనిమిది గంటలంటే ఎనిమిది లీటర్లు, అంటే ఎనిమిది కిలోలు. సామాను, గుడారం, పంచరు సరంజామా పోను సైకిలు మీద మహా అయితే ఒకటిన్నర రోజుకి సరిపడా నీళ్ళు పడతాయి. కాబట్టి 23 రోజుల్లో ఏ ఒక్క రోజూ వాళ్ళు పూర్తిగా ఒంటరిగా లేరు. ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు, ఏ పోలీసు చౌకీలోనో, ఏ నల్ల గుడారంలోనో, నీళ్ళు పోసి ఉండాలి. లేకపోతే పుస్తకం రాయడానికి మనుషులు మిగిలేవాళ్ళు కాదు.

సహారాదీ అదే కథ. మోటారు బండి మొదటిసారి దాన్ని దాటింది 1922 డిసెంబరు, 1923 జనవరిల్లో, సిత్రోయెన్ కంపెనీ వేసిన గొలుసు చక్రాల బళ్ళతో. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు తనెజ్రూఫ్త్ అనే భయంకరమైన చదును ఎడారిలో డబ్బాలు పాతుకుంటూ మోటారు దారి గుర్తుపెట్టారు. అక్కడొక మజిలీ పేరే 'బిడాన్ సాంక్', ఐదో డబ్బా. దావర్, స్తావ్యానిక్ సహారాలో తిరిగింది ఈ దశకంలోనే. పదేళ్ళు ముందు పుట్టి ఉంటే వాళ్ళు కూడా ఒంటెలెక్కాల్సిందే.

ఇదంతా చెప్పి వాళ్ళ సాహసాన్ని తక్కువ చెయ్యాలని కాదు. నేను రెండొందల మీటర్లకే చేతులెత్తేసినవాణ్ణి, నాకా అర్హత లేదు. పైగా ఇప్పుడు ఆ దారిలో వెళ్ళడం అప్పటికంటే కష్టం. నేల అడ్డం కాదిప్పుడు. బొంబాయి నుంచి క్వెట్టా దాకా అప్పుడొకటే ప్రభుత్వం. ఇవాళ నాలాంటివాడు సైకిలు మీద వాఘా దాటి బలూచిస్తాన్ ఎడారిలోకి వెళ్తానంటే ముందు మన వాళ్ళే నవ్వుతారు. అఫ్ఘానిస్తాన్‌లో దెలారామ్ నుంచి ఇరాన్ సరిహద్దులోని జరంజ్ దాకా 218 కిలోమీటర్ల ఎడారి హైవేని మన బోర్డర్ రోడ్స్ సంస్థే వేసి 2009లో అప్పగించింది. పని మీద ఉండగా దాడుల్లో మనవాళ్ళు కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. చక్కటి తారు రోడ్డు. అక్కడికి సైకిలు మీద పోవడానికి మనకి దారి లేదు.

మరి తెలుగువాళ్ళ సంగతేమిటని మీరడగొచ్చు. బొంబాయి పార్సీలకి క్లబ్బులున్నాయి, బెంగాలీలకి యాత్రా సాహిత్యం ఉంది. మా నాన్న చిన్నప్పుడు తెనాలి చుట్టుపక్కల 'సైకిలు వీరుడు' అంటే వేరే. ఊరి మధ్య ఖాళీ స్థలంలో గుంజలు పాతి, ట్యూబులైట్లు కట్టి, మైకులో పాటలు వేసి, ఒకతను మూడు రోజులో ఏడు రోజులో కింద కాలు పెట్టకుండా గుండ్రంగా తొక్కేవాడు. భోజనం సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే. జనం చొక్కాకి రూపాయి నోట్లు గుచ్చేవాళ్ళు. చివరి రోజు దండలేసి దింపేవాళ్ళు. కూడితే అతనూ వందల కిలోమీటర్లు తొక్కి ఉంటాడు, కానీ ఎక్కిన చోటే దిగాడు. చాలాకాలం నేను మన దూరపు సైకిలు చరిత్ర అంటే ఇంతే అనుకుని కొంచెం చిన్నతనంగా కూడా ఫీలయ్యాను.

ఆ రోజు సూర్యలంక నుంచి తిరిగొస్తుంటే చైను కరకరమని చప్పుడు. పెడలు తొక్కినప్పుడల్లా ఇసక నములుతున్నట్టుంది. బాపట్లలో రోడ్డు పక్కన ఒక సైకిలు షాపు కనబడితే ఆగాను. అరవై దాటిన మనిషి, చైను మీద వేలు పెట్టి రాసి, నల్లటి జిగురు నాకు చూపించాడు.

"ఎవరు పోశారబ్బాయ్ ఇంత ఆయిలు?"

"నేనే బాబాయ్, పొద్దున బయల్దేరేముందు."

"ఇసకలోకి పోయేటప్పుడు చైనుకి తడి తగలకూడదు. పొడిగుడ్డతో తుడిచేసి వదిలెయ్యటమే. చప్పుడొస్తే రానీ. కువైట్లో తొమ్మిదేళ్ళు అట్టాగే తొక్కా."

ఆయన చైను విప్పి కిరసనాయిల్లో నానబెట్టి కడుగుతుంటే కదిలించి కూచున్నాను. ఆయన చేసింది అబ్దలీ అనే చోట, తోటల్లో. కువైట్ ఉత్తరాన, ఇరాక్ సరిహద్దు దగ్గర. ఎడారిలో షెడ్లు వేసి టమాటా, దోస పండిస్తారు. జహ్రా నుంచి అబ్దలీ మీదుగా పోయే ఆ హైవే అలాగే ముందుకి వెళ్తే బస్రా, ఇంకా వెళ్తే బాగ్దాద్. 1991 యుద్ధంలో బాంబులు పడి బళ్ళ బారులు తగలబడిపోయిన రోడ్డు అదే. ఈయన ఉండే గది ఒక చోట, నీళ్ళు పెట్టాల్సిన తోట ఇంకో చోట. పన్నెండు కిలోమీటర్లు. హైవే అంచున, ఇసక మేట వేసిన చోట దిగి తోసుకుంటూ, పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం. గాలి దుమారం వస్తే సైకిలు పడుకోబెట్టి, దాని పక్కన ముఖం కప్పుకుని పడుకునేవాడట. నీళ్ళ డబ్బాకి గోనెగుడ్డ చుట్టి, తడిపి, హ్యాండిల్‌కి వేలాడదీసేవాడు. గాలికి గోనె ఆరుతుంటే లోపల నీళ్ళు చల్లగా ఉంటాయి. రిచర్డ్‌సన్ లాంటివాళ్ళు మోసిన గుడ్డ నీళ్ళసంచీ సరిగ్గా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. ఈయనకి దాన్ని ఎవరూ చెప్పలేదు, మన పొలాల్లో అందరూ చేసేదే.

అక్కడ చివరి ఏడాది యజమాని ఆరు నెలల జీతం ఎగ్గొట్టాడనీ, సైకిలు అక్కడే వదిలేసి వచ్చాననీ చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదు. జీతం కంటే సైకిలు గురించే ఎక్కువసేపు మాట్లాడాడు. వెనక చక్రం పుల్లలు తనే అల్లుకున్నాడట.

నేను ఫోనులో లెక్క వేశాను. రోజుకి 24 కిలోమీటర్లు, ఏడాదికి మూడొందల రోజులనుకున్నా 7,200. తొమ్మిదేళ్ళకి 64,800. పార్సీ బృందం ప్రపంచమంతా చుట్టింది 71,000. ఆ మాటే ఆయనకి చెప్పాను. బొంబాయి కుర్రాళ్ళ సంగతీ, నాలుగున్నరేళ్ళ సంగతీ, పుస్తకం సంగతీ అన్నీ చెప్పి, దాదాపు మీరు కూడా ప్రపంచం చుట్టొచ్చినట్టే బాబాయ్ అన్నాను.

ఆయన చైను లింకు బిగిస్తూ తల కూడా ఎత్తలేదు.

"అది లెక్కలోకి రాదులే అబ్బాయ్. రోజూ సాయంత్రానికి గదికి వచ్చేసేవోణ్ణి కదా."

పెడలు ఓసారి చేత్తో తిప్పి చూసి, చప్పుడు లేదని తేల్చుకుని, యాభై ఇమ్మన్నాడు. ఆయిలు మాత్రం వెయ్యలేదు, ఇంటికెళ్ళాక ఒక్క చుక్క వేసుకోమన్నాడు.